హన్నా జడ చూపే దిక్కు

శామీర్‌పేట చెరువు కట్ట దాటి అలియాబాద్ దిక్కు పోతుంటే నీలం గేటున్న పిల్లల హోమ్ ఒకటి ఉండేది. అక్కడ పొద్దున్నే జరిగే మొదటి పని ప్రార్థన అని, దాన్ని నడిపే శామ్యూల్ సారు చందాలిచ్చేవాళ్ళకు చెప్పుకునేవాడు. నిజానికి మొదటి పని జడలు. ఆడపిల్లలంతా వరండా మెట్ల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుంటే, వంటమనిషి ఎలీషమ్మ పొయ్యి మీద ఉప్మా ఉడికేలోపు అందరి తలలకూ నూనె రాసి, పేన్ల దువ్వెన దిగేసి, ఏడుపులు పట్టించుకోకుండా జడలు అల్లేసేది. ఉప్మా రోజూ కొంచెం మాడేది. దొరికినదానికి కృతజ్ఞత చెప్పమని సారు ప్రార్థనలో ఒక మాట అదనంగా కలిపేవాడు.

ఆ వరసలో ఎలీషమ్మ చెయ్యి పెట్టని తల ఒక్కటే. హన్నాది.

హన్నాకు ఏడేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ మేస్త్రీ వెంట పడమటనున్న భీమండికి పనికి పోతూ, కుదురుకోగానే వచ్చి తీసుకుపోతానని చెప్పి, గేటు పక్కన రాయి మీద కూర్చోబెట్టి పిల్లకు గట్టిగా ఒంటిజడ అల్లి పోయింది. ఆ పిల్ల జడకు ఒక గుణం ఉంది. ఎవరు అల్లితే వాళ్ళున్న దిక్కుకు తిరిగి నిలబడేది. అమ్మ బస్సెక్కిన సాయంత్రం జడ సికింద్రాబాద్ దిక్కు లేచింది. తెల్లారేసరికి పడమటికి తిరిగి, ఎండుకర్రలా నిలబడింది. పక్క మంచాల్లో పిల్లలకు గుచ్చుకుంటోందని హన్నా మంచాన్ని గోడవారకు జరిపారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఊళ్ళో ఒకరికి ఆరు వేళ్ళుంటాయి, ఒకరికి మెల్లకన్ను ఉంటుంది, ఈ పిల్లకు జడ ఇట్లా ఉంది.

ప్లాట్ల వ్యాపారం చేసే బాలమల్లు మాత్రం ఒకసారి పని గట్టుకుని వచ్చాడు.

"ఎలీషమ్మా, గీ జడ ఈశాన్యం సూపెడ్తదా?"

"వాళ్ళమ్మను ఈశాన్యంల నిలబెట్టు మల్లన్నా, అప్పుడు సూపెడ్తది."

బాలమల్లు దాని గురించి కొంతసేపు ఆలోచించి మరీ పోయాడు.

మరుసటి ఏడు వానల్లో ఆ జడ వాలడం మొదలుపెట్టింది. ఒకనాడు నడుము దాకా, ఇంకోనాడు ఇంకొంచెం కిందికి, చివరికి పూర్తిగా వేలాడిపోయింది. ఇక చూసేవాళ్ళకు అది మామూలు జడే. అందరి జడలూ కిందికే వేలాడతాయి. తెలిసినవాళ్ళకే తేడా తెలుసు. అది నిండు బొక్కెన కట్టిన చేదతాడులా బిగిసి ఉండేది. రెండు చేతులతో ఎత్తినా లేచేది కాదు. ఆ బరువుకు హన్నా గడ్డం ఎప్పుడూ పైకే ఉండేది, ఆకాశంలో ఎవరినో చూస్తున్నట్టు. తడి వాకిట్లో మిగతా పిల్లల అడుగులు వేళ్ళ దగ్గర లోతుగా పడితే, ఈ పిల్లవి మడమల దగ్గర పడేవి. వాన పడ్డప్పుడల్లా ఇంకాస్త లోతుగా.

వాళ్ళమ్మ ఇప్పుడెక్కడుందో హోమ్‌లో పెద్దవాళ్ళందరికీ అర్థమైంది. పిల్లకు చెప్పే పని ఎలీషమ్మదని సారు అన్నాడు. సారుదని ఎలీషమ్మ అంది. అట్లా ఇద్దరూ ఆ పనిని ఒకరికొకరు మర్యాదగా వదిలేసుకున్నారు. విప్పేస్తే జడ బరువు పోతుందని తెలియక కాదు. కన్నతల్లి చేత్తో వేసినదాన్ని విప్పడమంటే, నోరు విప్పకుండా ఆ సంగతి చెప్పేయడమే. అందుకని ఎలీషమ్మ రోజూ ఆ పిల్ల దగ్గరికొచ్చేసరికి నూనె గిన్నె పట్టుకుని లోపలికి పోయేది.

అప్పుడొచ్చింది కిర్‌స్టెన్. డెన్మార్క్ పిల్ల. చదువు అయ్యాక ఒక ఏడాది ఊరికే సేవ చేద్దామనుకుందట. పిల్లలకు ఇంగ్లీషు పాటలు నేర్పడం, బట్టలు ఆరేయడం ఆమె పని. సెలవు దొరికితే సంచీ భుజాన వేసుకుని మన దేశం చూసి రావడం ఆమె సరదా. రెండు వారాల్లో ఊరందరి నోట కిష్టమ్మ అయిపోయింది. క్రైస్తవుల హోమ్‌లో కిష్టమ్మేమిటని శామ్యూల్ సారు బాధపడి, క్రిస్టమ్మ అనమని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. సాయంత్రం ఆయనే "కిష్టమ్మా, టీ తాగినవా?" అని పిలిచాడు.

ఒక శనివారం ఎలీషమ్మ కూరగాయలకు మేడ్చల్ అంగడికి పోయింది. సంచులు మోసుకుంటూ తిరిగొచ్చేసరికి, కిష్టమ్మ పిల్లలందరికీ తలలు రుద్ది, ఎండలో కూర్చోబెట్టి, హన్నా జుట్టు దువ్వుతోంది. చూడ్డానికి మామూలుగా వేలాడే జడ. ఆమెకేం తెలుసు?

"ఎవలు ఇప్పమన్నరు నిన్ను?" అంది ఎలీషమ్మ, సంచులు దించకుండానే.

"పేలు, ఎలీషమ్మా. చాలా పేలు," అంది కిష్టమ్మ సంతోషంగా, ఆ మాట కొత్తగా నేర్చుకుంది కాబట్టి.

తర్వాత వాళ్ళ దేశపు పద్ధతిలో నాలుగు పాయలతో జడ అల్లింది. తువ్వాలు ఆరేయడానికి లేచి పోతుంటే, హన్నా జడ నెమ్మదిగా పైకి లేచి ఆమె వెంట తిరిగింది. హన్నా గడ్డం కిందికి దిగింది. ఆ పిల్ల తన కాళ్ళ వైపు చాలాసేపు చూసుకుంది. మధ్యాహ్నం పళ్ళెంలోకి చూస్తూ తిని, ఇంకొంచెం అన్నం అడిగింది. వాళ్ళమ్మ మాట ఎత్తలేదు. ఆనాడూ ఎత్తలేదు, ఆ తర్వాత చాలా నెలలూ ఎత్తలేదు.

ఎలీషమ్మకు కోపం ఎవరి మీద రావాలో తెలియక, పొద్దున అడుగంటిన ఉప్మా అంతా కిష్టమ్మకు వడ్డించింది. ఇది ఇక్కడి గౌరవం కాబోలనుకుని ఆమె గిన్నె నాకేసింది.

ఇక కిష్టమ్మ ఏ ఊళ్ళో ఉందో హోమ్‌కు ఫోన్ చెయ్యాల్సిన పనే లేకపోయింది. ఆమె హంపి పోతే హన్నా జడ నైరుతికి, దేవరయాంజాల్ దిక్కు తిరిగేది, కాశీ పోతే ఉత్తరానికి. పిల్లలు పటం నేల మీద పరిచి, మధ్యలో హన్నాను కూర్చోబెట్టి, రైలు ఎంతదాకా వచ్చిందో పందేలు కాసేవాళ్ళు. విదేశీ మనిషి ఎక్కడుందని అడగడానికి ఒకసారి ఠాణా నుంచి కానిస్టేబుల్ వస్తే, సారు హన్నాను పిలిచి వెనక్కు తిరిగి నిలబడమన్నాడు. కానిస్టేబుల్ జడ చూసి, "గోవాల ఉన్నట్టుంది" అని టీ తాగి పోయాడు. జవహర్‌నగర్ చెత్తగుట్టల గాలి వీచినప్పుడు మాత్రం జడ ఏ దిక్కున ఉన్నా అందరూ ముక్కులు మూసుకుని లోపలే ఉండేవాళ్ళు.

వానలు తగ్గాక కిష్టమ్మ పూరీకి పోయింది. సముద్రం చూస్తానంది. "సముద్రం మీ ఊర్ల లేదా?" అని ఎలీషమ్మ అడిగితే, "ఉంది. సల్లగా ఉంటది," అంది. తెలుగు అప్పటికి బాగానే వచ్చింది.

ఆ రోజు జడల వేళకు మెట్ల మీద పిల్లలు వరసగా కూర్చున్నారు. పాలు పోసే దుర్గాబాయి క్యాను దించి, పాల కన్నా ముందు వార్తలు పోస్తోంది. హోమ్ పక్క స్థలం గురించి మాట్లాడడానికి బాలమల్లు కూడా వచ్చి, సారుతో ఈశాన్యం గొప్పతనం చెబుతున్నాడు. హన్నా జడ తూర్పుకు నిలబడి ఉంది.

"కిష్టమ్మ ఇంకా పూరీలనే ఉన్నదా?" అంది దుర్గాబాయి. "గుళ్ళెకు రానియ్యరు గదనే ఆమెను. ఏం జేస్తాంది అక్కడ?"

ఎలీషమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. జడ కొస కొంచెం వంగింది. చూస్తుండగానే ఇంకొంచెం. తర్వాత మెట్టు మీద టప్పున ఒక చుక్క పడింది. ఇంకొకటి. జడ కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. నీళ్ళలో సన్నటి ఇసుక.

దుర్గాబాయి వేలు తడిపి నాలుకకు రాసుకుంది. ఆమెకు ఏదైనా రుచి చూడకుండా ఉండడం చేతకాదు.

"ఉప్పు," అంది. క్యాను అక్కడే వదిలి రెండడుగులు వెనక్కు వేసింది.

జడ ఒక్క ఊపున వాలింది. హన్నా తల వెనక్కు వంగి, గడ్డం ఆకాశానికి లేచింది. పిల్ల వెనక మెట్టు మీదికి ఒరిగిపోయింది. జడ ఆనిన చోట సిమెంటు పెచ్చు లేచింది. మట్టి లోపలినుంచి ఎవరో తాడు చుట్టుకుంటున్నట్టు జడ ఆ పగుల్లోకి ఇంచు ఇంచుగా దిగుతోంది.

ఎలీషమ్మ చేతిలో దువ్వెన ఉంది. ఈసారి నూనె గిన్నె పట్టుకుని లోపలికి పోలేదు. మోకాళ్ళ మీద కూలబడి జడ ముడి కోసం వెతికింది.

"ఇప్పుత బిడ్డా. కదలకు. ఇప్పితె పోతది బరువు."

హన్నా రెండు చేతులూ వెనక్కు పెట్టి ముడిని గుప్పిట్లో మూసుకుంది.

"ఇప్పకు అవ్వా."

"నిన్ను గూడ గుంజుకపోతది. ఇడువు."

"అమ్మప్పుడు ఎవ్వలు పట్టుకోలే," అంది హన్నా, ఆకాశం వైపు చూస్తూ. గొంతులో ఏడుపు లేదు. "అందరు సూసిండ్రు. ఎవ్వలు పట్టుకోలే."

సారు తల దించుకున్నాడు. ఏడాదిగా ఒకరికొకరు వదిలేసుకున్న మాట ఆ పిల్లకు ఎప్పటినుంచో తెలుసు.

ఎలీషమ్మ దువ్వెన అవతల పారేసింది. పగుల్లోకి దిగుతున్న జడను రెండు చేతులకూ చుట్టుకుని, మెట్టుకు కాళ్ళు తన్నిపెట్టి వెనక్కు వంగింది. "సూసుకుంట నిలవడ్డరేంది సారూ, పట్టుండ్రి," అంది. సారు ఆమె నడుము పట్టుకున్నాడు. ఇంకో సమయమైతే దుర్గాబాయి ఆ సంగతి సాయంత్రంలోపు మేడ్చల్ దాకా మోసేది. ఇప్పుడు తనే సారు చొక్కా పట్టుకుని గుంజుతోంది. బాలమల్లు చెప్పులు విడిచి వచ్చి పట్టాడు. పెద్ద పిల్లలు హన్నా భుజాలు ఒడిసిపట్టుకున్నారు. జడ తడితడిగా, చల్లగా, చేతుల్లోంచి జారుతోంది. అవతలివైపు బరువు ఒక మనిషిది కాదు. దాని వెనక ఇంకా ఏదో ఉంది. అది వదలడానికి ఇష్టపడడం లేదు. గుంజినప్పుడల్లా గుంజి, వీళ్ళు ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ తనవైపు తీసుకుంటోంది. నేల లోపలినుంచి అలల చప్పుడు అందరికీ వినపడింది. శామీర్‌పేట చెరువులో అలలు లేవు.

ఎంతసేపో తెలియదు. ఒక్కసారిగా బరువు పోయింది. పట్టుకున్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు వెనక్కు పడ్డారు. బాలమల్లు పాల క్యాను మీద పడ్డాడు. జడ ఎలీషమ్మ చేతుల్లో చచ్చిన పాములా మెత్తగా ఉండిపోయింది. అది తెగిపోయినట్టా, వదిలినట్టా ఎవరికీ అర్థం కాలేదు.

కాసేపటికి జడ కొస కదిలింది. తడుముకుంటున్నట్టు అటూ ఇటూ ఊగి, తూర్పుకు తిరిగి నిలబడింది.

సారు ప్రార్థన చేశాడు. ఆయన జీవితంలో అంత చిన్న ప్రార్థన చెయ్యలేదు.

కిష్టమ్మ వారం తర్వాత వచ్చింది. సన్నబడింది. తలకు గుడ్డ కట్టుకుంది. అందరూ చుట్టూ కూర్చుంటే, అల వచ్చి లోపలికి తీసుకుపోయిందని, మునగడం వరకే తనకు తెలుసని, మిగతాది ఒడ్డున ఉన్న జాలర్లు చెప్పారని చెప్పింది. వాళ్ళెవరూ నీళ్ళలో దిగలేదట. ఆమె తనంతట తనే వచ్చిందట. అల మీద తేలుతూ కాదు. వెనక్కుపోయే నీటికి ఎదురు, తల ముందు, కాళ్ళు వెనక, ఎవరో జుట్టు పట్టి ఈడ్చినట్టు. తడి ఇసుక దాటి, పొడి ఇసుక దాటి, ఎండు చేపలు ఆరేసిన చోటిదాకా ఈడ్చుకొచ్చి ఆగింది. జాలర్లు పక్కకు జరిగి దారి ఇచ్చారట.

గుడ్డ విప్పితే నడినెత్తిన అరచేతంత మేర జుట్టు లేదు. ఎలీషమ్మ ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి, అక్కడ నెమ్మదిగా నూనె రాసింది.

"నొస్తాందా?"

"కొంచెం."

"నొస్తది. బాలమల్లు గూడ పట్టిండు."

ఆ తర్వాత సెలవు దొరికినా కిష్టమ్మ ఎక్కడికీ పోలేదు.

ఆమె తన దేశానికి విమానం ఎక్కాల్సిన పొద్దున, హన్నా వచ్చి వరసలో ఎలీషమ్మ ముందు కూర్చుంది. కూర్చుని, చేతులు వెనక్కు పెట్టి, నాలుగు పాయల జడను తనే విప్పుకుంది. గేటు దగ్గర సంచీతో నిలబడ్డ కిష్టమ్మ అది చూసి, కళ్ళు తుడుచుకుని తల ఊపింది.

"అల్లు అవ్వా."

ఎలీషమ్మ చెయ్యి పెట్టలేదు. "నాది ముసలి పానం బిడ్డా. ఎన్నొద్దులుంటనో. నేను పోయిననాడు మల్ల కిందికే గుంజుతది నిన్ను."

"అప్పుడు మంది ఉంటరు గద," అంది హన్నా. "పట్టుకుంటరు."

వెనక కూర్చున్న పిల్లలు తలలు గోక్కుంటూ తమ వంతు కోసం చూస్తున్నారు. ఎలీషమ్మ వేళ్ళకు నూనె అద్దుకుని, ఆ జుట్టును మూడు పాయలు చేసింది. గట్టిగా కాదు, వదులుగానూ కాదు.

ఆ వచ్చే శనివారం ఆమె మేడ్చల్ అంగడికి పోయింది. టమాటల కుప్ప ముందు కూర్చుని ధర అడుగుతుంటే, నెత్తిన ఎవరో సన్నగా ఒక వెంట్రుక పట్టి లాగినట్టయింది. శామీర్‌పేట దిక్కు తిరిగి చూసింది. కాసేపాగి మళ్ళీ లాగింది, ఎప్పుడొస్తావని అడిగినట్టు.

ఎలీషమ్మ బేరం ఆడకుండా అడిగినంత ఇచ్చేసి బస్సెక్కింది. ఆమె బేరం ఆడలేదంటే ఆ అంగట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.