నాకు లేని తూటు

నేను ఒక అల్యూమినియం పళ్లేన్ని. అన్నం తినడానికి పనికిరాను. ఒళ్లంతా తూట్లే.

ఆ తూట్లు డ్రిల్లింగ్ మిషన్ పొడిచినవి, ఒక్కోటి ఒక్కో గెలాక్సీకి. సిద్ధలమెట్ట మీది టెలిస్కోపులో నన్ను బిగిస్తే, ప్రతి తూటూ సరిగ్గా తన గెలాక్సీ వెలుగు పడే చోట ఉంటుంది. అందులో గుచ్చిన గాజు తీగ ఆ వెలుగును కిందికి దించుతుంది. అది ఎంత ఎర్రబారిందో చూసి గెలాక్సీ ఎంత దూరంలో ఉందో చెబుతారు.

మిషన్ ఒక్క తూటు మాత్రం పొడవలేదు. నా నడిమధ్యన రెండు గెలాక్సీలు అంటుకున్నట్టు కనిపిస్తాయి. గాజు తీగల మూతులు లావు, పక్కపక్కన రెండు పట్టవు. అందుకని ఒకదానికే చోటిచ్చారు. రెండోదాని చోటు నున్నగా మిగిలిపోయింది. ఎన్ని తూట్లు పొడిచినా నొప్పి తెలియలేదు గాని, ఆ నున్నటి చోటు మాత్రం ఇప్పటికీ సలుపుతుంది.

మధ్యాహ్నాలు నన్ను బల్ల మీద పడుకోబెట్టి తీగలు గుచ్చేది నీరజాక్షి, ఓబులేసు. ఇద్దరూ పరిశోధక విద్యార్థులే. ఎదురెదురుగా కూర్చుంటారు. వేళ్లు తగులుతుంటాయి, తగలనట్టే ఉంటారు. కోట్ల కాంతి సంవత్సరాలు కొలిచే మనుషులకు బల్ల అవతలికి ఒక మాట పంపడం చేతకాదు.

నీరజాక్షి వెతికేది కంటికి కనిపించని దాన్ని. కృష్ణ పదార్థం అనేది విశ్వమంతటా అక్కడక్కడా పేరుకుని ఉంటుందట. ఆ పేరుకున్నదాన్ని హాలో అంటారు. గెలాక్సీలు దాని బరువుకు లోపలికి జారి, గుంపుగా కాపురముంటాయి. ఇల్లు కనిపించదు. ఉన్నవాళ్లను బట్టి ఇల్లెంతదో తేల్చాలి.

తూటు దక్కని గెలాక్సీకి పక్కదాని దూరమే రాసేయడం అక్కడి అలవాటు. నీరజాక్షి అలాగే రాసింది. ఓబులేసు ఒప్పుకోలేదు.

"ఆనుకొనుండాయని ఒకే ఇంటోళ్లంటే ఎట్ల నీరజా? రెండోది ఎంత ఎనకుండాదో నీకేం తెలుసు?"

అతనికి లదాఖ్‌లో ఉద్యోగం వచ్చింది. అవునో కాదో త్వరగా చెప్పాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వంచిన తల ఎత్తకుండానే అంది.

"పందెం. ఒకే ఇంటివైతే నువ్వు ఈడే ఉండాల."

అతని వేళ్లలో తీగ ఆగిపోయింది. సరేనన్నాడు.

రెండో గెలాక్సీకి తూటున్న పళ్లెం, నా చెల్లెలు, కొండెక్కింది. దానితోపాటే వానమబ్బులూ ఎక్కాయి. ఇక టెలిస్కోపు మూసేస్తారనగా ఆకాశం కాస్త విచ్చుకుంది. ఫలితం వచ్చేదాకా ఇద్దరూ కాఫీ కూడా ముట్టలేదు.

రెండోది ఎక్కడో వెనక, వేరే హాలోది. ముందు మనిషి భుజం మీదుగా ఫొటోలో పడ్డ పరాయి ముఖం లాంటిది.

ఓబులేసు గెలిచాడు. గెలిచిన ముఖం కాదది. ఆమె ఉండమంటుందేమోనని చూశాడు. ఆమె ఎప్పుడు బయల్దేరతావని అడిగింది. పందెం అంటే పందెమే కదా! అంత చదువూ చదివి, జీపు దాకా అతని పెట్టెను చెరోవైపు పట్టుకుని, దాని బరువు గురించే మాట్లాడుకుంటూ నడిచారు.

తర్వాత ఆమె నా తూట్లన్నిటి లెక్కలూ మళ్లీ చేసింది. నా అంచున, నడిమి తూటుకు జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరంలో ఒకటుంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. దాని దూరం నడిమి గెలాక్సీ దూరంతో కలిసింది. ఆ రెంటి మధ్యా చెదురుగా ఉన్న మరికొన్నీ కలిశాయి. అన్నీ ఒకే హాలోవి.

నా పక్కనే నిలబడి ఫోన్ చేసింది.

"ఓబులూ, అంచునుండేదే ఆ ఇంటిది."

అవతలి గాలి హోరులోంచి అతను అడిగాడు.

"అంత దూరముంటే ఒకే ఇల్లంటావా?"

"అంటా. ఆ పొద్దే అనుండాల్సింది."

మంచు కరిగి దారి తెరిస్తే వస్తానన్నాడు.

నా పని అయిపోయింది. ఇప్పుడు ఊళ్లో సైన్సు మ్యూజియం గోడకు వేలాడుతున్నాను. పిల్లలు తూట్ల మీద వేళ్లు ఆడించి గిలిగింతలు పెడతారు. నీరజాక్షి అప్పుడప్పుడూ వస్తుంది. బొటనవేలు నడిమి తూటు మీద ఆనించి, చిటికెనవేలు అంచు వైపు సాగదీస్తుంది. అందదు. ఇంకాస్త సాగదీస్తుంది.

లదాఖ్‌లో ఇంకా మంచు పడుతూనే ఉందట.