రేకులకి బరువు

"గాలి మొదలవక ముందే కడుపు నిండా తినేసి కూర్చో. మళ్ళీ మధ్యలో లేవడానికుండదు" అంది అత్త జయకుమారి.

దేవకుమారిని ఆవిడ కడుపు నిండా తినమనేది తుఫాను రోజునే. మిగతా రోజుల్లో ఆవిడ కళ్ళన్నీ కోడలి కంచం మీదే. పొద్దుగూకేదాకా మిరపకాయలు కోసొచ్చి, పడిపోతున్న నడుముతో పొయ్యి ముందు కూర్చుంటే, పీట విరుగుతుందేమో చూసుకోమని మొగుడు ప్రసన్నకుమార్ నవ్వేవాడు. నలుగురిలోనూ నవ్వేవాడు. ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

నాలుగేళ్ళ కిందట గాలివానకి వాళ్ళ రేకులు ఎగిరి ఎవరిదో పత్తిచేలో పడ్డాయి. కొత్తవి వేసేటప్పుడు తాపీమేస్త్రీ వెంకయ్య నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు, పైన రాళ్ళు పెడితే ఆగవు, గోడల్లో ఇనుప కడ్డీలు దింపి కాంక్రీటు పోసి, వాటిని రేకుల్ని మోసే గొట్టాలకి బిగిస్తేనే కప్పూ గోడా ఒకటవుతాయని. దేవకుమారీ బతిమాలింది. ఆడదానివి, కట్టుబడి సంగతి నీకేం తెలుసని కసిరాడు ప్రసన్నకుమార్. ఇటుకలు మోసిందీ గోడలు తడిపిందీ ఆమే, తెలియనిదీ ఆమెకే! కడ్డీలు మానేసి వీధి గోడకి తళతళలాడే టైల్స్ అతికించాడు మహానుభావుడు.

అప్పట్నించీ ప్రతి తుఫానుకీ ఆ ఇంట్లో ఒకటే తంతు. కప్పు నడిమి గొట్టానికి మోకు కట్టి, దాని కొస దేవకుమారి నడుముకి చుట్టి, కింద కూర్చోబెట్టడం. తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని అతను చర్చి స్లాబు కిందికి వెళ్ళేవాడు. గాలి రేకుల కింద దూరినప్పుడల్లా మోకు ఆమె నడుముని కోసేది. పళ్ళు బిగబట్టి ప్రార్థన చేసుకునేది. గాలి తగ్గాక అతనొచ్చి, మా ఆవిడుండగా మా రేకులకేం ఢోకా లేదని వీధిలో చెప్పుకునేవాడు.

ఈసారి హెచ్చరికలు గట్టిగానే ఉన్నాయి. ప్రసన్నకుమార్ మోకు చుట్టి, ముడి లాగి చూశాడు. ఒక్క మనిషి బరువు చాలదనిపించింది. బట్టల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కూతురు జెస్సీ వైపు తిరిగాడు.

"నువ్వూ మీ అమ్మ పక్కన కూర్చోవే. నీకూ బానే ఒళ్ళొచ్చిందిగా."

జెస్సీ తల దించుకుంది. తనని అన్న మాటలు దేవకుమారి ఎన్నో దిగమింగింది. ఇది మాత్రం మింగుడు పడలేదు. నడుముకున్న ముడి విప్పింది. మోకు కొస మొగుడి చేతిలో పెట్టి, జెస్సీ చెయ్యి పట్టుకుని చర్చి వైపు నడిచింది.

అతను గుడ్లప్పగించి నిలబడ్డాడు. అత్త వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"వాడసలే బక్కపీనుగే, రేకులతో పాటు ఎగిరిపోతాడే!"

దేవకుమారి ఆగి, వెనక్కి తిరిగింది.

"అయితే రేకులతో పాటు మనిషి కూడా పోద్దని ఇన్నాళ్ళూ నీకు తెలుసన్నమాట, అత్తా."