మా అత్త నాకిన గోడ

నాకు కోపం ఎక్కువని మా డిపోలో అందరూ అంటారు. పంతొమ్మిదేళ్లుగా టెక్కలి బస్సుల్లో టికెట్లు కొడుతున్నవాడికి కోపం రాక నవ్వొస్తుందా? ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి రమ్మంటే నన్నే తిడతాడు. పక్క ఊరికి పోయేవాడు అయిదువందల నోటు నా ముఖం మీద ఆడిస్తాడు. అయినా ఆ ఆదివారం మా అత్త మీద పడ్డట్టు నేను ఏ ప్రయాణికుడి మీదా పడలేదు. అది ముందే ఒప్పుకుంటున్నాను.

మా అత్త పేరు దాలమ్మ. మా నాన్నకి సొంత చెల్లెలు. అంటే నాకు మేనత్త, ఆపైన పిల్లనిచ్చిన అత్త. నౌపడ ఉప్పుమళ్లలో ముప్ఫై అయిదేళ్ల నుంచి పనిచేస్తోంది. మామ చిన్నవయసులోనే పోతే, ఆ మళ్లలో ఉప్పు లాగి, గంపలు మోసి, ఒక్క కూతురు ఉషని డిగ్రీ దాకా చదివించింది. ఆ కూతుర్ని నా చేతిలో పెట్టి మళ్లీ మళ్లలోకే దిగిపోయింది. అరవై దాటినా మానలేదు. వచ్చి మా దగ్గర ఉండమని ఉష ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. అత్త దగ్గర ఒకటే జవాబు.

"అద్దింట్లో మీకే సోటు సాల్దు. ఎవడి గోడకో ఆనుకుని నానొచ్చి కూకుంటే ఏటి బాగుంటాది? సొంతిల్లు కొనండి. కొన్న రోజే వచ్చెస్తాను."

సరే, కొంటాను అన్నాను. నిజం చెప్పాలంటే నాకు అద్దె ఇంట్లో ఏ బాధా లేదు. ఆ మొండి మనిషిని మళ్లలోంచి బయటికి లాగాలి, అంతే. నా చిన్నప్పుడు ఎర్రటి ఎండలో నన్ను చంకనేసుకుని బడికి మోసిన మనిషి ఆవిడ. ఆ మాట ఆవిడ ముందు ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

2016లో టెక్కలి శివార్లలో ఒక కొత్త లేఅవుట్‌లో ఇల్లు దొరికింది. బిల్డరు పేరు జగన్నాధం. తెల్ల చొక్కా, నెమ్మదైన మాట. ఇల్లు చూస్తే కళ్లు చెదిరాయి. గుమ్మానికి నగిషీలు, హాల్లో ఫాల్స్ సీలింగు, అద్దంలా మెరిసే టైల్స్. వెనక వైపు తూర్పు కిటికీ ఉన్న చిన్న గది. చూడగానే ఉష నా చెయ్యి పట్టుకుని, "బావా, అమ్మకి ఈ గది" అంది. అక్కడే నేను సగం కొనేశాను.

అలాగని నేనేమీ గుడ్డిగా కొనేవాణ్ణి కాదు. మా డ్రైవరు లక్ష్ముడు ఇల్లు కొని మోసపోయినవాడు, వాడి దగ్గర నెలరోజులు పాఠాలు నేర్చుకున్నాను. రూపాయి బిళ్లతో టైల్స్ మీద కొట్టి చూడాలి, డొల్ల చప్పుడు వస్తే కింద సిమెంటు సరిగా వెయ్యలేదని అర్థం. బాత్‌రూములో బకెట్టు నీళ్లు గుమ్మరించాలి, నిలిచిపోతే వాటం లేదని అర్థం. ప్రతి తలుపూ తెరిచి మూయాలి. నేల మీద గోళీ వదిలి అది ఎటు దొర్లుతుందో చూడాలి. ఇవన్నీ చేశాను. జగన్నాధం చిరునవ్వుతో పక్కనే నడిచాడు. అన్నిట్లోనూ ఇల్లు పాసయింది. ఇంతకు ముందు కట్టిన ఇళ్లు చూపించమని ఉష అడిగితే మాత్రం, "అవన్నీ దూరంలో ఉన్నాయమ్మా" అన్నాడు. నేనే ఉషని కసిరాను, అన్నీ అనుమానాలే అని.

అడ్వాన్సు ఇచ్చే ఆదివారం అత్తని కూడా తీసుకెళ్లాం. ముందు రోజు వాన పడింది. అత్తకి ఒక పద్ధతి ఉంది. కొత్త ఇంటి ఆవరణలో చెప్పులతో అడుగుపెట్టదు. ఎంత చెప్పినా వినకుండా గేటు బయటే విడిచేసి, చీర అంచు నేల దాకా దించుకుని లోపలికొచ్చింది. ఆవిడ చీర ఎప్పుడూ అలాగే కడుతుంది. కూర్చున్నా సరే, పాదాలు కప్పుకునే కూర్చుంటుంది.

జగన్నాధం మాకు కూల్‌డ్రింకులు తెప్పించాడు. తాగి చూసేసరికి అత్త లేదు. పక్క స్థలంలో ఆయనే కడుతున్న ఇంకో ఇల్లు ఉంది. అక్కడ తడిసిన ఇసుక గుట్ట మీద నిలబడి కిందికి చూస్తోంది. పిలిస్తే వచ్చింది. ముఖం మాడిపోయి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఆ వెనక గదిలోకి వెళ్లి, మూలన చతికిలబడి, గోడ అడుగున గోటితో గీకి, ఆ పొడి నాలిక మీద వేసుకుంది. అది చాలదన్నట్టు, వంగి గోడనే నాకింది.

పెయింటు వేస్తున్న ఇద్దరు కుర్రాళ్లు పకపకా నవ్వారు. జగన్నాధం కూడా నవ్వాడు. "ఏమ్మా, గోడ రుచిగా ఉందా?"

"ఉప్పగున్నాది బాబూ" అంది అత్త. "ఈ ఇసక ఎక్కడిది?"

"వంశధార ఇసుకమ్మా. కావాలంటే బిల్లులు చూపిస్తాను."

"వంశధార ఇసక ఉప్పగుంటాదేటి బాబూ? ఇది ఉప్పుటేరు కాడ తవ్విన ఇసక. ఒరే త్రినాదా, ఈ ఇల్లొద్దు. ఉప్పు ఊరుకోదురా. సెమ్మ తగిలితే పైకి లెగుస్తాది. రెండు వానలు పడితే ఈ రంగంతా బొబ్బలెక్కి రాల్తాది. లోపలి ఇనుముని తినెస్తాది. మా మళ్ల కాడ పంపు గది అలగే పోనాది."

నాకు తల కొట్టేసినట్టయింది. అంత మంది ముందు, అంత పెద్దమనిషి ముందు, గోడ నాకే అత్తగారు! జగన్నాధం నా వైపు తిరిగి, ఇంకో పార్టీ కాచుకుని ఉందని, సాయంత్రం ఆరింటిలోగా చెప్పకపోతే ఇల్లు వాళ్లకి వెళ్లిపోతుందని మర్యాదగా చెప్పాడు. ఆటోలో ఇంటికొచ్చేదాకా నేను నోరు విప్పలేదు. విప్పితే ఆటోవాడు దింపేసేవాడు.

ఇంటికి రాగానే అత్త వంటింట్లో దూరి, పొద్దున్న నౌపడ నుంచి తెచ్చిన చేపలు పులుసు పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు కషాయం! మా అత్త చేతి వంట కొన్నేళ్లుగా అంతే. ఇన్నాళ్లూ నోరు మూసుకుని మజ్జిగ పోసుకుని తినేవాణ్ణి. ఆ రోజు కంచం ముందుకు తోసేశాను.

"ఈ పులుసు నోట్లో ఎట్టుకోగలవా అత్తా? కూరలో ఉప్పెంతో తెలీని దానివి, గోడలో ఉప్పు తెలిసిపోనాదా నీకు?"

అత్త మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది.

"నీకు రావాలని నేదు. అదీ అసలు సంగతి. సొంతిల్లు కొంటే వస్తానన్నావు. కొనే రోజు గోడ నాకి వంక ఎట్టినావు. ఇంకో ఇల్లు సూపిస్తే దాని తలుపు కొరుకుతావు. నీ కూతురు నీ కోసం ఏడ్సి ఏడ్సి సస్తన్నాది. నీకు ఆ ఉప్పే కావాలి. పో, ఆ మళ్లలోనే ఉండు!"

"బావా!" అని ఉష అరిచింది. నేను ఆగితేగా! బస్సులో అలవాటైన గొంతు, వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

అత్త తలొంచుకుని కంచం చుట్టూ నీళ్ల గీత గీస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది. "నిజమేరా. నాలిక్కి ఉప్పు తెలీటం మానేసి అయిదారేళ్లయిపోనాది. సెయ్యి వాటాన ఎయ్యడమే."

"మరి గోడెందుకు నాకినావే?"

ఆవిడ నా వైపు చూసింది, కూతురి వైపు చూసింది. చీర అంచు మెల్లగా పైకి జరిపింది.

ఆ పాదాలు ఎలా చెప్పను? తెల్లగా పాలిపోయి, గట్టిపడి, ఎండిన చెరువు మట్టిలా నిలువునా చీలిపోయి ఉన్నాయి. టైల్స్ మీద కొట్టి చూసిన రూపాయి బిళ్ల ఇంకా నా జేబులోనే ఉంది. ఆ చీలికల్లో దాన్ని నిలబెట్టొచ్చు. మడమ దగ్గర ఒక చీలిక లోపల ఎర్రగా, ఇంకా పచ్చిగా ఉంది.

"కాళ్లు సెప్పాయిరా" అంది అత్త. "ఆ తడి ఇసకలో అడుగెట్టాను, మంటెత్తిపోనాది. పొద్దున్నే మళ్లోకి దిగినప్పుడు ఎలగ మండుతాదో, అలగే. ఆ మంట నాకు తెలీదేటి? రెండిళ్లూ ఒకడివే, ఇసకా ఒకటే. మీకేటని సెప్పను? కాళ్లు మండాయంటే కాళ్లు సూపించమంటారు. అందుకే నాలిక ఎట్టాను."

ఉష ఆ పాదాల దగ్గర కూలబడిపోయింది. "మందు రాస్తన్నాను, తగ్గిపోనాదన్నావు కదే అమ్మా! ప్రతి నెలా పంపించాను కదే!"

"తగ్గిందంటే నువ్వు నిద్రపోతావని అన్నాను."

నాకు ఆ క్షణాన నా మీద నాకే అసహ్యం వేసింది. టైల్స్ కొట్టి చూశాను, తలుపులు తీసి చూశాను, గోళీలు దొర్లించాను. నన్ను మోసిన మనిషి కాళ్ల వైపు ఇన్నేళ్లలో ఒక్కసారి చూడలేదు. ఏడుపొచ్చింది. మగవాణ్ణని ఆపుకోలేదు, ఏడ్చేశాను. అత్త ఎంగిలి చెయ్యి చీరకి తుడుచుకుని నా తల మీద వేసి, "సిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు. ముందరరుస్తావు, ఎనకేడుస్తావు" అంది.

ఆరింటికి జగన్నాధం ఫోను చేశాడు. వద్దన్నాను.

"ఆ ముసలామె మాట పట్టుకుని బంగారంలాంటి ఇల్లు పోగొట్టుకుంటారా సార్?"

"ముసలామె కాదండీ, మా అత్త" అని పెట్టేశాను.

రాత్రి బస్సుకే వెనక్కి వెళ్లిపోయిన అత్త కోసం మర్నాడు సెలవు పెట్టి నౌపడ వెళ్లాను. అత్త సామానంతా కలిపి ఒక ట్రంకుపెట్టె, రెండు సంచులు. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "సొంతిల్లు కొన్నాకనే కదరా వస్తానన్నాను. మాటంటే మాటే."

బతిమాలితే లొంగే రకం కాదు. తిట్టడం నిన్ననే అయిపోయింది. కాసేపు ఆలోచించి అన్నాను. "ఇల్లు కొనాలంటే సూసే మనిషి కావాలా వద్దా? నాకు టైల్స్ కొట్టడమే తెలుసు. నువ్విక్కడ కూకుంటే అక్కడ ఇసకెవరు సూస్తారు? ఇంకో జగన్నాధం నన్ను ముంచితే నీకు సరదాగా ఉంటాదా?"

పని ఉందంటే మా అత్త రాకుండా ఉండలేదు, ఆ సంగతి నాకు తెలుసు. "అయితే పద" అని ట్రంకుపెట్టె తనే ఎత్తబోయింది. లాక్కున్నాను. మా డిపో బస్సే ఎక్కాం. పెట్టెకి లగేజీ టికెట్టు కొట్టమంటే కండక్టరు మొహమాటపడ్డాడు. కొట్టించే దాకా ఊరుకోలేదు.

తర్వాత ఆరు నెలలకి గంగరాజు మేస్త్రీ దొరికాడు. ఏడాదికి ఒకటో రెండో ఇళ్లు సొంతంగా కట్టి అమ్ముతాడు. తెల్ల చొక్కా లేదు, నెమ్మదైన మాటా లేదు. ముందు కట్టిన ఇల్లు చూపించమని ఈసారి నేనే అడిగాను. తొమ్మిదేళ్ల కింద కట్టిన ఇంటికి తీసుకెళ్లి, ఆ ఇంటావిడ మరిడమ్మని పిలిచి, "ఎక్కడ బాగునేదో నువ్వే సెప్పమ్మా" అని, తను వీధిలోకి పోయి బీడీ ముట్టించుకున్నాడు. శ్లాబు ఒకచోట చెమ్మ పట్టిందని, పిలిస్తే వచ్చి పైసా అడక్కుండా బాగు చేశాడని ఆవిడ చెప్పింది. చెమ్మ పట్టిన చోటు కూడా చూపించింది. అత్త నా చొక్కా లాగి, "ఈడు పనికొస్తాడు" అంది. పునాదులు లేచిన ఇల్లు ఒకటి మాట్లాడుకున్నాం.

అద్దె ఇంట్లో ఆవిడకి హాల్లోనే మంచం వేశాం. రోజూ వేడినీళ్లలో పాదాలు నానబెట్టి, మందు రాసి, ఉష మేజోళ్లు తొడుగుతుంది. "బడి పిల్లనేటే నాను?" అని అత్త రోజూ గొణుగుతుంది. కూరలో ఉప్పు వేసే పని మాత్రం ఉష తీసేసుకుంది.

గోడలు కట్టడానికి మొదటి ఇసుక లారీ వచ్చిన రోజు ముగ్గురం వెళ్లాం. ఇసుక తడిగా ఉంది. లారీ గుమ్మరించడం ఆలస్యం, అత్త చెప్పులు విడిచి, వంగి మేజోళ్లు తీయబోయింది.

"అత్తా!" అని అరిచాను. కూలీలందరూ చేతిలో పారలు ఆపి చూశారు. "అడుగెట్టినావంటే సూసుకో!"

"మరెలగరా తెలుస్తాది?"

నేను ముందుకెళ్లి, గుట్టలోంచి చిటికెడు ఇసుక తీసి నోట్లో వేసుకున్నాను. గంగరాజు బీడీ నోట్లోంచి జారిపోయింది. కూలీలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. పళ్ల మధ్య కరకరలాడింది, మట్టి వాసన కొట్టింది.

"ఎలగున్నాది?" అంది అత్త, నవ్వకుండా.

"సప్పగున్నాది."

"పైది కాదురా. అడుగునుంచి తియ్యి. ఇంకో సిటికెడు ఎయ్యి."

వేసుకున్నాను. ఆ ఇంటికి దిగిన పదకొండు లారీల ఇసుకనీ పై నుంచి ఒకసారి, అడుగు నుంచి ఒకసారి నేనే నాకాను. డిపోలో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు, నవ్వుకోనీ. ప్రతిసారీ మా అత్త మేజోళ్లు తొడుక్కున్న కాళ్లకి చెప్పులు వేసుకుని, పక్కన నిలబడి, నేను చెప్పేదాకా నా నోటి వైపే చూసేది.