జాన్ పాల్ తీసిన అష్టమి చంద్రుడు

జాన్ పాల్ రబ్బరు బుడ్డి నొక్కుతూ టెలిస్కోపు అద్దం మీది దుమ్ము ఊదుతున్నాడు. గుడ్డపెట్టి తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్న తొమ్మిదింటికి ఫిజిక్సు ల్యాబు తాళం తీయగానే అతను చేసే మొదటి పని ఇదే. అటెండరు ఉద్యోగంలో ఈ రోజు ఆఖరుదైనా ఆ పని మానేద్దామన్న ఆలోచన అతనికి రాలేదు. బయట వరండాలో ఎవరో మేకులు కొట్టి వెళ్ళారు.

"అన్నయ్యా, ఓపాలి ఇలగొచ్చి సూడు," అని బుల్లమ్మ పిలిచింది. ఆవిడ కాలేజీలో స్వీపరు. కె. కోటపాడు నుంచి రోజూ మొదటి బస్సుకే వస్తుంది.

వరండా గోడకి నిలువెత్తు ఫ్లెక్సు కట్టి ఉంది. నల్లటి ఆకాశంలో సగం చంద్రుడు. గుంటల అంచులు, వాటి నీడలు, చేత్తో తడిమితే తగులుతాయేమో అన్నంత స్పష్టంగా ఉన్నాయి. కింద బెత్తెడు అక్షరాలు: 'శుక్లపక్ష అష్టమి చంద్రుడు. ఛాయాచిత్రం: డాక్టర్ దేవీప్రసాద్, భౌతికశాస్త్ర శాఖాధిపతి.'

"ఇదేటన్నయ్యా, శుక్లపచ్చమని రాసేరు? దీపాలెట్టే ఏలకి నెత్తిమీదుండే సందమావకి కుడిపక్క కదా ఎలుగుంటాది! దీనికి ఎడంపక్కుంది. తెల్లారగట్ల నాను వాకిలి తుడిసినప్పుడు అగుపడే సందమావ ఇది."

జాన్ పాల్ అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మ అతను తీసిందే. పేరు కొట్టేయడం కొత్తకాదు. బొమ్మనే పాడుచెయ్యడం మాత్రం ఇదే మొదలు.

అనకాపల్లిలో చంద్రుడు నడినెత్తికి వచ్చేస్తాడు. గొట్టాన్ని నిటారుగా ఎత్తితే వెనకాల కెమెరా వెళ్ళి స్టాండు కాలికి కొట్టుకుంటుంది. అందుకని మధ్యలో ఏటవాలు అద్దం ఒకటి బిగించి కెమెరాని పక్కకి తిప్పుకుంటాడు. ఆ అద్దం బొమ్మకి కుడీ ఎడమా మార్చేస్తుంది. తరవాత కంప్యూటర్లో మళ్ళీ తిప్పాలి. జాన్ పాల్ ఎప్పుడూ తిప్పే ఇచ్చేవాడు. మొన్న భార్య సువార్తకి జ్వరమొచ్చి రెండురోజులు సెలవు పెడితే, తనిఖీ కమిటీ వస్తోందని దేవీప్రసాద్ ఆగలేక కంప్యూటర్లోంచి తనే తీసేసుకున్నాడు. తిప్పాలన్న సంగతి ఆయనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం పదేళ్ళలో ఒక్కసారీ రాలేదు మరి.

ఆ టెలిస్కోపు కాలేజీకి వచ్చాక నాలుగేళ్ళు చెక్కపెట్టెలోనే పడుంది. విప్పినవాడు జాన్ పాల్. అద్దాల మీది బూజు వదిలించి, ఎక్కడెక్కడి పుస్తకాలో కూడబలుక్కుని చదివి, శనిగ్రహం చుట్టూ ఉంగరం కనబడ్డనాడు మేడమీద ఒక్కడూ చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. పొద్దు వాలగానే మేడ మీద పది బకెట్ల నీళ్ళు పోసేవాడు. స్లాబు వేడి చల్లారకపోతే పైన గాలి ఉడుకుతుంది, బొమ్మ నీళ్ళలో రూపాయి బిళ్ళలా వణుకుతుంది. మూడు నిమిషాల వీడియోలో వేల బొమ్మలుంటాయి. గాలి నిలకడగా ఉన్న క్షణాలవి ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చితే ఒక్క చంద్రుడు తేలతాడు. అలా తేలినవి మూడు కేలండర్ల మీద, రెండు బ్రోచర్ల మీద డాక్టర్ దేవీప్రసాద్ పేరుతో ఊరంతా తిరిగాయి. సొమ్మొకడిది, సోకొకడిది. సువార్త ఎన్నిసార్లు పోరినా, "పేరుతో పనేటే, బొమ్మ అందరూ సూత్తన్నారు కదా," అనేవాడు. ఆ మాట అబద్ధమని చెప్పేటప్పుడే అతనికి తెలుసు.

పదకొండింటికి తనిఖీ కమిటీ వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు, ఒక మేడమ్. ఫ్లెక్సు ముందు ఆగి, "అబ్బ! ఎవరు తీశారండీ?" అని మేడమ్ అడిగింది.

"నేనే మేడమ్," అన్నాడు దేవీప్రసాద్. కొత్త సూటు వేసుకున్నాడు. "రాత్రుళ్ళు నిద్ర మానుకోవాలి. అదొక తపస్సు."

జాన్ పాల్ టీ కప్పుల పళ్ళెం పక్కనున్న బల్లమీద పెట్టేశాడు. తపస్సు! మేడ మెట్లు ఎక్కితే ఆయనకి ఆయాసం.

"సార్," అన్నాడు. "ఆ బొమ్మకి కుడీ ఎడమా మారిపోనాదండి. అష్టమిది అలగుండదు."

దేవీప్రసాద్ నవ్వేశాడు. "మా అటెండరు. ఈ రోజే రిటైర్మెంటు. కొంచెం మనసు బాగోలేదు."

"చందమామకి కుడేమిటయ్యా, ఎడమేమిటి!" అన్నాడు కమిటీ పెద్దాయన. అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. జాన్ పాల్‌కి ఆ నవ్వు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

భోజనాల వేళ దేవీప్రసాద్ ల్యాబులోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏమిటయ్యా ఆ వాగుడు? అటెండరు తీశాడంటే దాన్నెవరైనా పరిశోధన అంటారా? కాలేజీ బాగుకోసమే నా పేరు వేశాను."

"అలాగా సార్. మరి ఆ బొమ్మలో అంచున గుండ్రంగా ఓ నల్లమచ్చుంది. దాని పేరేటండి?"

దేవీప్రసాద్ గడియారం చూసుకున్నాడు.

"పేరు మీది ఏసుకున్నారు, పోనీ అనుకున్నాను. పదేళ్ళు నోరు మూసుకోడం నాదే తప్పు. కానీ సార్, సందమావనైనా సరిగ్గా ఎయ్యాలి కదండీ! మొన్న ఒక్క ఫోన్ సేసుంటే సెప్పేవోణ్ణి కదా!" అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"సాయంత్రం వెళ్ళేవాడివి, మర్యాదగా వెళ్ళు. నాలుగింటికి గ్రూపు ఫోటో ఉంది, నువ్వే తియ్యి."

తీశాడు. తప్పు చంద్రుడి ముందు దేవీప్రసాద్, కమిటీవాళ్ళు వరసగా నిలబడి నవ్వితే, జాన్ పాల్ పళ్ళు బిగపట్టి అందరి మొహాలూ సరిగ్గా పడేదాకా మూడుసార్లు తీశాడు. చెడగొట్టడం అతనికి చేతకాదు. అందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

కార్లు వెళ్ళేసరికి అయిదు దాటింది. కమిటీ హడావుడిలో అతని వీడ్కోలు సంగతి అందరూ మరిచిపోయారు. జాన్ పాల్ టెలిస్కోపుకి ముసుగు కప్పి, కెమెరా ఊడదీసి సంచిలో పెట్టుకున్నాడు. అది అతని సొంతం. దేవీప్రసాద్ ఇకమీద తపస్సు చేసుకుంటాడో మానుకుంటాడో ఆయనిష్టం. తాళాలు ఆఫీసులో ఇచ్చేసి వరండాలోకి వచ్చాడు.

కాసేపు ఫ్లెక్సు ముందు నిలబడి, ఒక్కొక్క మేకే పీకాడు. బుల్లమ్మ చీపురు గోడకి చేరేసి పరుగున వచ్చింది.

"సింపేత్తావా అన్నయ్యా?"

"సింపుతానేటే? నేను తీసిన బొమ్మ."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని వరండా చివరి పడమటి కిటికీ దాకా మోశారు. జాన్ పాల్ ఫ్లెక్సు మొహం బయటికి పెట్టి, వీపు లోపలికి ఉండేలా ఊచలకి గట్టిగా కట్టాడు. చవక ఫ్లెక్సు, పల్చటిది. దిగుతున్న ఎండ వెనకనుంచి తగిలేసరికి చంద్రుడు ఇటు పక్కకి తేలాడు. వెలుగు కుడివైపు.

బుల్లమ్మ రెండడుగులు వెనక్కి వేసి చూసింది. "ఇప్పుడు అష్టమే అన్నయ్యా. కింద రాత మాత్రం తిరగబడి సదవడానికి రాలేదు."

"అది సదవక్కర్లేదులే," అన్నాడు జాన్ పాల్.

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. సైకిలు గేటు దాటి గవరపాలెం రోడ్డెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఖాళీ వరండా చివర, పడమటి గాలికి కొంచెం ఉబ్బుతూ తగ్గుతూ, కిటికీ నిండా ఫ్లెక్సు వేలాడుతోంది.