సేర్ పా ఉపఎన్నిక

కత్తి అంచును ఉక్కు కడ్డీకి రెండుసార్లు రాసి సేర్ పా మళ్ళీ కదిలే బెల్టు మీదికి వంగింది. కొక్కేలకు తలకిందులుగా వేలాడుతూ టర్కీ కోళ్ళు వస్తూనే ఉన్నాయి. తొడ పట్టుకోవడం, కీలు దగ్గర కోయడం, ఎముక లాగెయ్యడం, మాంసాన్ని పక్కకి తొయ్యడం. పదిహేనేళ్ళుగా అదే పని. ఫ్యాక్టరీలో ఆ చలిగదిలో కోసీ కోసీ ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. పొద్దున్నే వేడినీళ్ళలో నానబెడితే తప్ప తెరుచుకోవు. తెల్లకోటు, జుట్టుకు వల, మూతికి గుడ్డ కట్టుకున్నాక ఆ వరుసలో ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. బయట కొన్ని ఇళ్ళ ముందు మంచులో పాతిన అట్టల మీద మాత్రం ఆమె ముఖం నవ్వుతూ ఉంది. ఆ ఫొటో తీసిన రోజు నవ్వమని నాలుగైదుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ మంగళవారం రాష్ట్ర శాసనసభకు ఉపఎన్నిక. పాత సభ్యుడు మధ్యలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. మిన్నెసోటా ఫిబ్రవరి చలిలో గుమ్మాలు తట్టి ఓట్లడగడానికి ఊళ్ళో పార్టీవాళ్ళెవరూ ముందుకు రాలేదు. పార్టీ పని చూసే మార్లిస్ అనే పెద్దావిడకి సేర్ పా గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది చర్చి నేలమాళిగలో జరిగిన మీటింగులో ఎవరూ అడక్కుండానే లేచి నిలబడి, "చేతులు పోయాక మాకు ఏం పని ఇస్తారు?" అని అడిగి కూర్చున్న మనిషి ఆమె. అంతకుమించి ఆమె ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగలేదు. బర్మా కొండల్లో కరెన్ తెగలో పుట్టి, సరిహద్దు దాటి శరణార్థి శిబిరంలో పెరిగి, అక్కడే పెళ్ళాడి ఈ ఊరొచ్చింది. ఎక్కడున్నా వరుసలో నిలబడి ఇచ్చింది పుచ్చుకోవడమే తెలుసు.

మధ్యాహ్నం నుంచి సెలవు కావాలంటే ఫోర్‌మన్ రోజర్ ఇచ్చాడు. గెలిస్తే పని మానేస్తావా అని అడిగాడు. ఆమె తెలియదంది. చేతితొడుగులు తీసేసి వెళుతూ పక్కన కోస్తున్న తనవాళ్ళ వైపు చూసింది. వాళ్ళలో సగం మందికి ఇంకా పౌరసత్వం లేదు. ఉన్నవాళ్ళు తలలు ఎత్తలేదు.

మార్లిస్ కారులో వీధి వీధీ తిరిగారు. ఒక గుమ్మంలో పైజమా మీదున్న మనిషి తలుపు కొంచెమే తెరిచి, "ఇవాళ ఎలక్షనా? ఎవరు పోయారు?" అన్నాడు. ఇంకో ఇంట్లో ఆవిడ, శుభ్రం చేసే మనిషి రావాల్సింది గురువారం కదా అంటూ మర్యాదగానే తలుపేసింది. చాలా ఇళ్ళలో లోపల టీవీ మోగుతున్నా ఎవరూ రాలేదు. సేర్ పా బొటనవేలితో కరపత్రాన్ని తలుపు సందులోకి తోసి వచ్చేసేది. పట్టుకుని దూర్చడానికి వేళ్ళు తెరుచుకునేవి కావు.

మధ్యలో కారాపించి, అందరూ పాక్లో తాత అని పిలిచే పెద్దాయన ఇంటికి ఒక్కతే వెళ్ళింది. శిబిరంలో వాళ్ళ గుడిసే, ఆయన గుడిసే ఎదురెదురుగా ఉండేవి. మూడుసార్లు పౌరసత్వ పరీక్ష రాసి పోయినేడే పౌరుడయ్యాడు ఆయన. కరెన్ కుటుంబాలన్నీ ఆయన మాట వింటాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరి ముందే, మగాళ్ళందరూ చచ్చారా, కోళ్ళు కోసే ఆడది వెళ్ళి తెల్లవాళ్ళని ఓట్లడగాలా అన్నాడు ఆయన. ఆ మాట అప్పట్నుంచీ ఆమె గుండెలో ముల్లులా ఉంది.

తాత కిటికీ దగ్గర కూర్చుని వక్క నములుతున్నాడు. కూర్చోమనలేదు.

"మా తమ్ముడు ఊరిపెద్దగా పేరు రాయించుకున్నాడు. సైన్యం వచ్చి మొదట ఆ పేరే పిలిచింది. నీకు తెలీదా?"

"ఇది ఆ దేశం కాదు తాతా."

"కాకపోవచ్చు. ఓడిపోతే నవ్వుతారు. గెలిస్తే తెల్లవాళ్ళకి కోపం వస్తుంది. రెండిట్లో నీకేది కావాలి?"

రెండూ భయమేనని ఆమెకి అప్పుడే తెలిసినట్టయింది. పొయ్యి మీద ఉన్న నీళ్ళు ఆయనకి గ్లాసులో పోసి పక్కన పెట్టి వచ్చేసింది.

పొద్దువాలే వేళకి పోలింగు జరిగే చర్చికి దూరంగా, రోడ్డుకి ఇవతల నిలబడ్డారు. అభ్యర్థి అంతకంటే దగ్గరికి వెళ్ళకూడదు. చాలాసేపటికి ఒక్కో మనిషీ వచ్చి పోతున్నాడు. లోపల పోలింగు సిబ్బంది అల్లికలు చేసుకుంటున్నారని మార్లిస్ నవ్వబోయి ఊరుకుంది. అప్పుడు మలుపులో పాక్లో తాత కనబడ్డాడు. గడ్డకట్టిన మంచు మీద కర్ర పొడుస్తూ ఒక్కడే వస్తున్నాడు. సేర్ పా పట్టుకోవడానికి పరిగెత్తబోతే అక్కణ్ణుంచే కర్ర ఎత్తి ఆగమన్నాడు. నేలమాళిగ మెట్లు దిగి లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక రోడ్డు దాటి ఆమె ఎదురుగా నిలబడి రొప్పు తీర్చుకున్నాడు.

"ఇంట్లో ఏం వండావు?"

"గుమ్మడికాయ. చేప ముద్దేసి."

"అయితే వస్తా."

రాత్రి ఇంటినిండా మనుషులు. సేర్ పా భర్త, పేరు వాడో, అందరికీ అన్నం వడ్డించాడు. తాత రెండుసార్లు వేయించుకుని, కారం చాల్లేదని పచ్చిమిరపకాయ అడిగి కొరుక్కున్నాడు. ఎవరికేశావు తాతా అని ఎవరో కవ్విస్తే, "చెప్పక్కర్లేదంది లోపల కూర్చున్న తెల్లావిడ" అన్నాడు. తర్వాత సేర్ పా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"జాబితాలో నా పేరు చూపించి పక్కన సంతకం పెట్టమంది. పెట్టాను."

ఆమె ఆయన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి కడిగింది.

ఫలితం మార్లిస్ ఫోనులో వచ్చింది. ఓడిపోయింది, దగ్గర్లో కూడా లేదు. అవతలి మనిషికి పడ్డవీ పెద్ద ఓట్లేం కావు. ఊరు ఊరంతా ఇంట్లోనే కూర్చుంది. అందరూ ఒక్కసారే ఓదార్చబోయారు. తాత నిద్రపోతున్నాడు, మెల్లిగా అని సేర్ పా చెయ్యెత్తింది. ఓడిపోయినందుకు ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. రేపు పొద్దున్న షిఫ్టుకి కత్తి నూరుకోవాలన్న ఆలోచన వచ్చింది, దానికి సిగ్గేసింది.

సోఫాలో వాలిన తాతకి దుప్పటి కప్పడానికి వంగి, పక్కకి జారిన ఆయన చేతిని ఎత్తి లోపల పెట్టబోయింది. ప్రాణం పోయిన ఆ బరువు ఆమె చేతికి తెలుసు. దుప్పటి గడ్డం దాకా లాగి, పక్కనే కింద కూర్చుని, వాడోని పేరుపెట్టి పిలిచింది.

అంబులెన్సు వాళ్ళు వచ్చారు, ప్రశ్నలడిగారు, తీసుకువెళ్ళారు. పాస్టరు ప్రార్థన చేశాడు. మార్లిస్ ఆమె ముడుచుకున్న వేళ్ళని రెండు చేతుల్లోకీ తీసుకుని నొక్కి వెళ్ళింది. ఒక్కొక్కరూ గుమ్మం దగ్గర వంగి ఎవరి బూట్లు వాళ్ళు వెతుక్కుని తొడుక్కుని వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళాక తలుపు వెయ్యబోతే గోడ వారగా ఒక జత రబ్బరు బూట్లు మిగిలి ఉన్నాయి. మడమలు అరిగి, తాళ్ళకి బదులు నైలాను దారం కట్టి ఉన్నాయి. వాటి చుట్టూ మంచు కరిగిన నీళ్ళు చాప కిందికి పాకుతున్నాయి.