పెద్ద అంకె

మంచు దిగింది.

కాఫీ చెట్ల మీదికి, మిరియాల తీగల మీదికి, మా గుమ్మం దాకా... మెల్లగా దిగింది.

ఎదురుకొండ లేదు.

ఉందని తెలుసు. కనపడదు, అంతే.

గుమ్మం పక్కన, వెలుతురు పడేచోట చాప వేశాను. చాప మీద సుజానా నిద్రపోతోంది. నా పిల్ల. ఇంకా కూర్చోవడం రాని పిల్ల. కాసేపట్లో లేస్తుంది.

లేచినప్పుడే వస్తుంది అది.

అది — దానికి నా దగ్గర పేరు లేదు. తల ఒక్కసారి ముందుకి వాలుతుంది. చేతులు రెండూ విచ్చుకుంటాయి, ఎవరో పైనుంచి వదిలేసినట్టు. మళ్ళీ. మళ్ళీ. తర్వాత ఏడుపు. ఆ తర్వాత, ఏమీ జరగనట్టు నా వైపు చూసి నవ్వు.

కింద ఆసుపత్రికి ఎత్తుకెళ్తే అక్కడా నవ్వింది. డాక్టరమ్మ వేలు పట్టుకుని మరీ నవ్వింది.

"వచ్చినప్పుడు వీడియో తియ్యమ్మా. చేతులు, కళ్ళు బాగా కనపడాలి. ఉత్త ఉలికిపాటైతే భయం లేదు. ఫిట్సు అయితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. తీసేటప్పుడు పిల్లని పట్టుకోకు."

పట్టుకోకు.

ఆ మాట ఘాట్ రోడ్డంతా నా వెనకే ఎక్కి వచ్చింది.

నిన్న తీశాను. నా చెయ్యి వణికింది, పిల్ల వణికింది, ఏది ఎవరి వణుకో తెలియలేదు. మా ఆశా కార్యకర్త నీలవేణి సిగ్నలు అందే బండ ఎక్కి దాన్ని పంపింది. డాక్టరమ్మ జవాబు వచ్చింది — మసకగా ఉంది, కళ్ళు కనపడలేదు, మళ్ళీ తియ్యండి.

నీలవేణి అక్కడే నా ఫోను తీసుకుని ఎక్కడెక్కడో నొక్కింది.

"ఓలమ్మ, సిన్నంకె మీదుందొదినా! మసక్కాక ఇంకేటవుద్ది?"

తెర మీద మూడు అంకెలు. 480. 720. 1080.

ఎనిమిదిలోనే బడి మానేశాను. అయినా ఏ అంకె పెద్దదో నాకు తెలుసు.

"పెద్దది పెట్టు, కనురెప్ప కూడా కనపడతాది. కానొదినా... పోను నిండిపోనాది. పాటలు, పెళ్ళి బొమ్మలు అన్నీ తీసేసినా పెద్దదైతే రెండు నిమిషాలే పడతాది. ముందే నొక్కేసినావనుకో, అది వచ్చేసరికి ఇది ఆగిపోద్ది."

చిన్నదైతే పిల్ల లేచేదాకా తీస్తూనే ఉండొచ్చు. కానీ మసక.

పెద్దదైతే తేట. కానీ రెండే నిమిషాలు.

పొయ్యి దగ్గర్నుంచి అత్త కేక.

"ఏటే, గుంటని ఒల్లో ఏసుకోకుండా సినిమా తీత్తన్నావేటే? ఆ పోను వొగ్గేయ్. ప్రార్థన నూనె రాసినాను కదా."

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. నిన్నటి వీడియో మళ్ళీ పెట్టమంది. పెట్టాను. మసకలో సుజానా చేతులు విచ్చుకున్నాయి... పువ్వులా.

"సూడే. నవ్వుతున్నట్టే ఉంది." అత్త గొంతు తగ్గింది. "ఇందులో బాగానే ఉంది కదే?"

బాగానే ఉంది.

అందుకే నాకు భయం.

ఆ మసకలో నా పిల్లకి ఏమీ లేదు. ఆ మసకలో నేను రేపు కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తాను, సాయంత్రం వచ్చి పాలిస్తాను. చిన్నంకెలో అంతా ఉంటుంది — ఒక్క నిజం తప్ప.

పెద్దంకె పెడితే కనపడుతుంది. కనపడ్డాక... మళ్ళీ మసక చేయలేను.

అత్త ఇంకా తెర వైపే చూస్తోంది.

నిన్నటి వీడియో చెరిపేశాను.

"ఓసే!" అంది అత్త. చెరిగినంత చోటు మిగిలింది ఫోనులో. కాస్త చోటు. ఒకటి రెండు ఊపిరులకి సరిపోయే చోటు.

1080.

వేలు ఎర్ర చుక్క మీద పెట్టాను. నొక్కలేదు.

రావద్దు. నా తల్లీ, రావద్దు.

వస్తే ఇప్పుడే రా — నేను చూస్తుండగా, వెలుతురు ఉండగా.

వద్దు, రావద్దు.

చూరు నీళ్ళు చినుకు చినుకుగా రాలుతున్నాయి. అత్త చెయ్యి పిల్ల వైపు వెళ్ళింది... గాలిలోనే ఆగింది. పట్టుకోకూడదు. ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో దాచుకుంది, దొంగిలించినదాన్ని దాచినట్టు.

"బేగి నొక్కే," అంది. చాలా మెల్లగా. "కదులుతున్నాది."

సుజానా కనురెప్ప అదిరింది.

నొక్కాను.

అంకెలు కదిలాయి. తెరలో నా పిల్ల — ఒక్కో వెంట్రుక, పెదవి మీద ఆరిన పాల చార, నుదుటి మీద నూనె మెరుపు. ఇంత తేటగా నా పిల్లని నేనెప్పుడూ చూడలేదు.

గుమ్మం బయట మంచు కొంచెం పక్కకి జరిగింది.

ఎదురుకొండ... నల్లగా, ఒక అంచు మాత్రం కనపడుతోంది...