నాలుగో ముద్రణకు ఒక సవరణ

వెనకాల అందరూ ఆయన్ని ఆకాశపురాణంగారు అనేవారు. ఎదుట అనే ధైర్యం ఎవరికీ లేదు. విమానాల మీద, రాకెట్ల మీద, వాటిని కట్టినవాళ్ల మీద, వాటిలో ఎగిరి కిందపడ్డవాళ్ల మీద నలభై ఏళ్లలో పదకొండు పుస్తకాలు రాసిన చరిత్రకారుడు. టెస్ట్ పైలట్ల జీవితాలు రాశాడు. పారాషూట్లు కుట్టిన ఆడవాళ్ల గురించి రాశాడు. రాకెట్ ఇంధనాల మీద ఆరువందల పేజీలు రాసి, చివరిదాకా చదివింది ముగ్గురేనని తానే నవ్వేవాడు. పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే, రాకెట్ ఇంజన్ల చీఫ్ డిజైనర్ జీవితచరిత్ర. పతకాలైనా, యూనివర్సిటీలో కిటికీ ఉన్న గదైనా దాని చలవే.

పరీక్షిస్తుండగా ఇంజన్ పేలి ముగ్గురు చనిపోయిన రోజు గురించి అందులో ఒక వాక్యం ఉంది. “ఆ ఉదయం గాలి స్తంభించింది, గేటు మీది జెండా కూడా కదలలేదు, ఎడమకు తిప్పవలసిన వాల్వును మెకానిక్ కుడికి తిప్పాడు.” విద్యార్థులు పద్యంలా అప్పజెప్పే వాక్యం. ఆ మెకానిక్ పేరూ ఊరూ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేశాడు, ఎవరికీ అనుమానం మిగలకుండా.

ఆ మెకానిక్ కూతురు ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన గదికి వచ్చింది. కోర్టులో టైపిస్టు. బల్ల నిండా నాలుగో ముద్రణ ప్రూఫులున్నాయి, శుక్రవారం ప్రెస్సుకు పోవాలి.

“కూర్చోను సార్. ఒక్క కాగితం చూపించి వెళ్తాను,” అంది.

అది ఇంజన్ల కర్మాగారం సెలవుల రిజిస్టరులో ఒక పేజీకి నకలు.

“ఆ రోజు మా నాన్న డ్యూటీలోనే లేడు. జ్ఞానదంతం పీకించుకోడానికి రెండు రోజులు సెలవు పెట్టాడు.”

“డ్యూటీ చార్టులో పేరుంది కదమ్మా. నేను కళ్లారా చూశాను.”

“చార్టు వారం ముందే రాసేస్తారు సార్. ఎవరు రావాలో అందులో ఉంటుంది. ఎవరొచ్చారో ఉండదు. మా కోర్టు బంట్రోతునడిగినా చెప్తాడు.”

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. మనుషులు అబద్ధమాడతారు, కాగితం ఆడదు అని తరతరాల విద్యార్థులకు నూరిపోసిన మనిషి. కాగితం ఇప్పుడూ అబద్ధమాడలేదు. ఆయనే ఒక కాగితం చదివి రెండోదాని జోలికి పోలేదు.

“నాన్నకి ఎనభై రెండేళ్లు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. రెండు నెలలు గడిస్తే గొప్పే అన్నాడు డాక్టరు. కేసులు పెట్టను, పేపర్లకెక్కను. ఆయన పోయేలోపు ఆ ఒక్క ముక్క మార్చండి, అంతే,” అంది.

మర్నాడు ఉదయం ఆయన దస్తావేజుల గదికి వెళ్లి అసలు రిజిస్టరు తీయించాడు. సెలవు నిజం. దాని కింద, ఆమె నకలులో పడని ఇంకో వరుస ఉంది: “మెకానిక్ రాకపోయినా పరీక్ష ఆపవద్దు. స్టోర్స్ గుమాస్తాను వాల్వు దగ్గర నిలబెట్టండి.” కింద చీఫ్ డిజైనర్ సంతకం. వాల్వు ముఖం ఎరగని ఆ గుమాస్తా పేలుడులో పోయిన ముగ్గురిలో ఒకడు. ఇక ఒక్క ముక్క మారిస్తే సరిపోదు. ఆ మహానుభావుడి మీద కట్టిన నాలుగువందల పేజీలూ ఒక పోగు లాగిన అల్లికలా ఊడి చేతికొస్తాయి. రిజిస్టరు మూసి ఇచ్చేసి, కావలసింది దొరకలేదని చెప్పి బయటికొచ్చాడు.

అక్కడినుంచే ఆమెకు ఫోన్ చేశాడు. “రిజిస్టరు చూశాను. సాయంత్రం మీ ఇంటికొస్తాను. మీ నాన్నగారి నోట కూడా వినాలి, అది మా పద్ధతి.” ఆమె మీ మేలు మర్చిపోనంది. నిజం చెప్పాలంటే, ఆ మూడంతస్తుల మెట్లు ఎక్కుతున్నప్పుడు ఆయన సగం మనసుతో మార్చడానికే సిద్ధపడ్డాడు. మిగిలిన సగం రికార్డరు జేబులో పెట్టుకుంది.

గదిలో ఒక మంచం, ఆక్సిజన్ సిలిండరు, పక్క మేడ గోడలోకి తెరుచుకునే కిటికీ. తలగడ పక్కన ఆయన పుస్తకమే, మొదటి ముద్రణ, అట్ట ఊడితే బట్టతో అంటించింది. ముసలాయన ఆయన్ని చూసి లేవబోయాడు, దగ్గొచ్చి మళ్లీ పడిపోయాడు.

“ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి,” అన్నాడు చరిత్రకారుడు.

“గాలి లేదు సార్. గేటు మీద జెండా కూడా కదల్లేదు.”

చరిత్రకారుడి చెయ్యి రికార్డరు మీదే ఆగిపోయింది. ఆ గేటు మీద జెండా ఉండేదో లేదో ఆయనకే తెలియదు. వాక్యానికి నడక కుదరడం లేదని కల్పించి పెట్టాడు.

“ఎడమకి తిప్పాల్సింది కుడికి తిప్పాను,” అన్నాడు ముసలాయన. “చక్రం చేతికి చల్లగా తగిలింది. ఇప్పటికీ తగుల్తూనే ఉంటుంది.”

“నాన్నా! ఆ రోజు నీకు పన్ను పీకారు. బుగ్గ వాచి మంచినీళ్లు కూడా మింగలేకపోయావని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందీ! ఇదిగో నీ సంతకం.”

“మొదట్లో నేనూ అదే అన్నాను తల్లీ. కనపడ్డవాళ్లందరితో పోట్లాడాను. కానీ అంత చదువుకున్నాయన, అన్ని కాగితాలు చూసినాయన, ఊరికే రాస్తాడా? ఆలోచించగా ఆలోచించగా నాకే గుర్తొచ్చింది. ముగ్గురి ఉసురు పోసుకున్నాను.”

ఆమె చరిత్రకారుడి వైపు తిరిగింది. “సార్, మీరు చెప్పండి. రిజిస్టరు మీరు చూశారు కదా. మీరు చెప్తే నమ్ముతాడు. మీరొక్కరు చెప్తేనే నమ్ముతాడు.”

ఒక్క మాట చాలు. ముసలాయన కళ్లు కూడా ఆయన మీదే ఉన్నాయి, ఎక్కడో చిన్న ఆశతో. ఆ ఆశ ఆయనకు స్పష్టంగానే కనిపించింది. కనపడలేదని తర్వాత ఎప్పుడూ తనకు తాను చెప్పుకోలేదు కూడా.

“రిజిస్టర్లలో పొరపాట్లు దొర్లుతుంటాయమ్మా. అన్నీ అనుభవించిన మనిషి స్వయంగా చెప్తుంటే కాదనడానికి మనమెవరం?” అని రికార్డరు తలగడ దగ్గరికి జరిపాడు. “ఇంకొక్కసారి చెప్పండి, నెమ్మదిగా.”

ముసలాయన కళ్లలో ఆ ఆశ కాస్తా ఆరిపోయింది. నెమ్మదిగా చెప్పాడు, మధ్యలో రెండుసార్లు ఆక్సిజన్ పీల్చుకుని మరీ.

కూతురు మెట్ల దాకా వెంట వచ్చింది. తిడుతుందనుకున్నాడు. “నా చేతులతో నేనే తీసుకొచ్చి చెప్పించాను కదా సార్,” అంది, అంతే. తలుపు మెల్లగా వేసుకుంది, నాన్నకు వినపడకుండా.

శుక్రవారం ప్రూఫులు వెళ్లిపోయాయి. నెలన్నర తర్వాత ఒక ఉదయం ఫోన్ మోగింది. ముందు ఆయాసం వినిపించింది, తర్వాత మాట.

“పుస్తకం అందింది సార్. ఇదివరకు ‘మెకానిక్ తిప్పాడు’ అని ఉండేది. ఇప్పుడు ‘మెకానిక్‌గారు తిప్పారు’ అని వేశారు. ముప్పై ఏళ్లకి నన్ను గారూ అన్నవాళ్లు మీరే. కింద మా అమ్మాయిని కూడా వేశారు, ‘కుమార్తె సమక్షంలో స్వయంగా ధ్రువీకరించారు’ అని.”

“అదెంత పనండీ. పెద్దవారు,” అన్నాడు చరిత్రకారుడు. నిజంగానే ఆయన మనసు తేలికపడింది. మంచి పని చేశాననే అనుకున్నాడు.

“అమ్మాయిని చదవమంటే చదవనని మొండికేస్తుంది సార్. మీరు లైన్లో ఉండండి, మీ ముందు కాదనదు. చదువు తల్లీ, సార్ వింటున్నారు.”

పేజీ తిప్పిన చప్పుడైంది. కోర్టు కాగితం చదివినట్టు, ఎక్కడా ఎత్తూ పల్లమూ లేకుండా ఆమె చదివింది. గాలి అయింది, జెండా అయింది. “వాల్వును మెకానిక్‌గారు కుడికి...” అని ఆగిపోయింది.

“తిప్పారు,” అన్నాడు తండ్రి. “అను తల్లీ.”

చరిత్రకారుడు ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూశాడు.

“తిప్పారు,” అంది కూతురు.